రెండిళ్ళ మధ్య మంచు

మూడుంపావు. నేను ఆ కిటికీ వైపు చూడటం లేదు. గసగసాలు నూరుతున్నాను, అంతే. నూరేటప్పుడు తల ఎటో ఒకవైపు ఉండాలి కదా, నా వంటింటి గట్టు ముందు నిలబడితే ఎదురుగా కనిపించేది థోరా వంటింటి కిటికీయే, అది నా తప్పు కాదు, విన్నిపెగ్‌లో ఈ వీధిలో ఇళ్ళు ఇంత ఇరుగ్గా కట్టినవాడి తప్పు. మధ్యలో ఒక మనిషి పార పట్టుకుని నడిచేంత సందు. సందుకి అవతల ఆవిడ గోడ, గోడలోంచి మోకాలెత్తున పొడుచుకొచ్చిన రెండు తెల్ల పైపులు, ఒకటి ఇల్లు వేడిచేసే ఫర్నేస్ గాలి పీల్చుకోవడానికి, ఇంకోటి పొగ వదలడానికి. ఫర్నేస్ మండుతుంటే రెండో పైపులోంచి తెల్లగా ఆవిరి రావాలి. రావడం లేదు. అంటే ఇంకా అంటుకోలేదు. అంటుకోలేదంటే ఓరెస్ట్ ఇంకా అక్కడే. ఒంటిగంటన్నరకి వెళ్ళిన మనిషి. నా మొగుడు ముప్పై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాడు, ఏ స్టాపులోనూ ఒక్క నిమిషం ఎక్కువ ఆగి ఎరగడు, థోరా ఇంటి స్టాపులో మాత్రం బండి కదలదు.

ఇవాళ జనవరి ఆరు, మా పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ ముందురోజు. పొద్దుట్నుంచీ ఉపవాసం, ఆకాశంలో మొదటి చుక్క పొడిచాకే ముద్ద నోట్లోకి. పన్నెండు రకాలు వండాలి, ఏ ఒక్కదాంట్లోనూ మాంసం గానీ పాలు గానీ వెన్న గానీ ఉండకూడదు. బీట్‌రూట్ చారు అయింది, క్యాబేజీ చుట్టలు అయ్యాయి, గోధుమలు ఉడుకుతున్నాయి, వాటిలో తేనెతో కలపడానికే ఈ గసగసాలు. నిన్నంతా కొట్టిన మంచు తుపాను తెల్లారేసరికి ఆగింది. ఆకాశం తుడిచిపెట్టినట్టు శుభ్రంగా ఉంది, మైనస్ ముప్పై రెండు, ఇంకో రెండు గంటల్లో చుక్క కనిపిస్తుంది. అప్పటికి ఓరెస్ట్ ఈ బల్ల దగ్గర ఉంటాడా, ఆ బల్ల దగ్గర ఉంటాడా, నాకు కావలసింది అదొక్కటే. ఆవిడ ఈపాటికి కేకు కోసి పెట్టే ఉంటుంది. ఏడు పొరల కేకు, పొరపొరకీ ఎండు పళ్ళ గుజ్జు, వెన్న ఎంత వేస్తుందో దేవుడికే తెలుసు. ఆవిడ పుట్టిన గిమ్లీ ఊళ్ళో సరస్సు ఒడ్డున వాళ్ళ ఐస్‌లాండ్ ముత్తవ్వల నుంచి వచ్చిన విద్యట. నలభై నాలుగేళ్ళుగా నా చేతి వంట తింటున్న మనిషి, మొన్న ఆ కేకు ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. బంగాళదుంప కూరి చేసే నా పెరోగీలకి ఆ మనిషి కళ్ళు మూసుకోవడం నేనెన్నడూ చూడలేదు.

రెండేళ్ళ కిందట మొగుడు పోయాక థోరా ఆ ఇల్లు కొనుక్కుని వచ్చింది. అరవై నాలుగంటుంది, నాకంటే నాలుగేళ్ళు చిన్న. చిన్నగా నవ్వుతుంది, చిన్నగా అడుగులేస్తుంది, ఏదడిగినా నాకేం తెలుసు ఓరెస్ట్ అంటుంది, అదీ ఆవిడ దగ్గరున్న పెద్ద ఆయుధం. నాకు అన్నీ తెలుసు, అదీ నా ఖర్మ. కారుకి రాత్రి కరెంటు తీగ తగిలించకపోతే పొద్దున ఇంజన్ గడ్డకట్టుకుపోతుందని కూడా తెలియదట. గిమ్లీలో చలి లేదా మరి? ఓరెస్టే వెళ్ళి తగిలించాడు. ఫర్నేస్ ఫిల్టర్ మూడు నెలలకోసారి మార్చాలని తెలియదట. ఓరెస్టే మార్చాడు. మా ఫిల్టర్ దుప్పటిలా దుమ్ము పట్టి ఉంటే నేనే బేస్‌మెంట్‌లోకి దిగి మార్చుకున్నాను, మోకాళ్ళు పట్టుకుని. ఇవాళ ఫర్నేస్ చూడ్డానికి వెళ్తూ గడ్డం గీసుకున్నాడు. ఫర్నేస్‌కి గడ్డం గుచ్చుకుంటుంది కాబోలు. పోయినసారి చెత్త పారేయడానికి బయటికి వెళ్ళినప్పుడు సందులోకి వినబడింది, బస్సులో పందిపిల్లని ఎక్కించిన ముసలమ్మ కథ చెబుతున్నాడు, ఆవిడ కిలకిలా నవ్వుతోంది. ఆ కథ నా దగ్గర చెప్పి ఇరవై ఏళ్ళయింది. ఇంట్లో మాకు మాటలంటే ఉప్పు అందుకో, టీవీ తగ్గించు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. ఏమడుగుతాం, విన్న కథే కదా అనుకున్నాను. విన్న కథకే కడుపు ఇంత మండుతుందని తెలియదు.

అక్టోబరు తొలి మంచుకే మొదలుపెట్టాను. పథకం వేసి కాదు, దేవుడి మీద ఒట్టు. సందులో మా వైపు నడిచే దారి చేస్తున్నాను, పార నిండా మంచు, దాన్ని ఎటో ఒకటి విసరాలి. మా గోడకి విసరొచ్చు, ఆవిడ గోడకి విసరొచ్చు. లోపల్నుంచి నవ్వు వినబడింది. ఆవిడ గోడకే విసిరాను. ఆ పైపులేమిటో తెలియక చేశానని ఎవరితోనైనా అనొచ్చు గానీ నాతో నేను అనుకోలేను. గ్యాస్ కంపెనీలో ఇరవై ఆరేళ్ళు అత్యవసర ఫోను దగ్గర కూర్చున్నదాన్ని. గ్యాస్ వాసన వస్తోందా, స్విచ్ ముట్టుకోకండి, ఫోను కూడా ఇంట్లోంచి చేయకండి, పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి. ఫర్నేస్ పక్కన పెయింటు డబ్బాలు, పెట్రోలు పెట్టారా, తీసేయండి. తుపాను తర్వాత గోడ పైపుల దగ్గర మంచు తీశారా, చీపురు కర్రతో మెల్లగా తట్టండి, ఐసు రాలిపోతుంది. ఎన్ని వేలసార్లు చెప్పానో. పైపు మూసుకుపోతే ఈ కొత్త రకం ఫర్నేస్ పేలదు, విషం కక్కదు, తనంతట తానే ఆగిపోతుంది, అంత తెలివి దానికి ఉంది. నాకు అదీ తెలుసు. ఇల్లు కాస్త చల్లబడుతుంది, అంతేగా అనుకున్నాను. ఆవిడ కాస్త వణికితే ఏం పోయింది?

పోయింది నా మొగుడే. ఆగిన గంటకి ఆవిడ ఫోను, ఫోను వచ్చిన నిమిషానికి ఈయన బూట్లు తొడుక్కుని పరుగు. పైపు ముందు మంచు తీసి, స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే చాలు, పది నిమిషాల పని, తర్వాత గంటసేపు కాఫీ. నేను మంచు వేసినప్పుడల్లా ఆయన వెళ్తాడు, వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఒళ్ళు మండినప్పుడల్లా పార చేతికొస్తుంది. నా మొగుణ్ణి నా చేత్తో నేనే ఆ గుమ్మం ఎక్కిస్తున్నానని తెలియనంత మొద్దుని కాదు. తెలిసి తెలిసీ ఆపలేకపోయాను. ఇవాళ్టితో ఆరోసారి.

ఇవాళ మాత్రం మరీ ఎక్కువ వేశాను. పొద్దున బల్ల మీద తెల్ల గుడ్డ పరుస్తున్నాను, గుడ్డ కింద ఆనవాయితీకి కాస్త ఎండుగడ్డి, ఇద్దరికీ రెండు కంచాలు, మూడోది ఎవరూ కూర్చోని కంచం. పోయినవాళ్ళ కోసం పెడతాం దాన్ని. మా అమ్మ కోసం పెడతాను నేను, ఏటేటా, ఆవిడ కూర్చునే వైపే. ఓరెస్ట్ వచ్చి ఆ కంచాన్ని చూపుడు వేలితో అటూ ఇటూ కదిపాడు.

"తెక్లా, థోరాని పిలుద్దామే. ఒక్కతే ఉంటుంది పాపం. కంచం ఎలాగూ ఖాళీయే కదా."

"ఖాళీయా? మా అమ్మ కంచం ఖాళీయా?"

"ఊరికే అన్నాన్లే. పండగ పూట గొంతు పెంచకు."

ఊరికే అనలేదు. రెండు రోజులు లోపల నానబెట్టుకుని అన్నాడు, నాకు తెలియదా ఆ మనిషి? కోటు తొడుక్కుని పార పట్టుకుని సందులోకి వెళ్ళాను. తుపాను కురిసిన మంచు నడుం దాకా ఉంది. అంతా అటే వేశాను. వేసి, పార వెనక్కి తిప్పి కొట్టి కొట్టి అదిమాను, గోడ కడుతున్నట్టు. చెమటలు పట్టాయి, చెమట కనురెప్పల మీద గడ్డకట్టింది, ఆ కాసేపూ ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పుకుంటే సిగ్గు. ఇప్పుడు చూడు, అనుభవించు. ఆ పైపు లోపల దాకా ఐసు బిగిసినట్టుంది. ఆయన వెళ్ళి పైపుల ముందు మంచు తవ్వాడు, ఈ కిటికీలోంచే చూశాను, చీపురు కర్రతో తట్టాడు, స్విచ్ వేశాడు, అది అంటుకోలేదు. రెండున్నరకి ఫోను చేశాడు.

"మెకానిక్‌కి చెప్పాం, తుపాను కదా, ఊరంతా ఇదే గొడవట, ఆరు దాటుతుందంటున్నాడు. ఈవిణ్ణి ఒక్కదాన్నే వదిలేసి ఎలా రాను? ఇక్కడ వంటింట్లో వెచ్చగానే ఉందిలే, కూర్చుంటాం. తల కాస్త దిమ్ముగా ఉంది నాకు, కాఫీ తాగితే పోతుంది."

"అవునవును, ఆవిడ కాఫీతో పోని జబ్బుందా? తాగు. ఉపవాసం కూడా పోతుంది" అని పెట్టేశాను.

వెచ్చగా ఉందట. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. నలభై నాలుగేళ్ళు ఒక్క మంచం మీద పడుకున్నాం, నా పక్కన వెచ్చగా ఉందని ఎప్పుడైనా అన్నాడా? పెళ్ళైన కొత్తలో అన్నాడేమో. సెల్కర్క్ వీధిలో అద్దె ఇంట్లో, పాత బొగ్గు ఫర్నేస్‌ని గ్యాస్‌కి మార్చింది, అది ఆగిపోయిన రాత్రి రెండు కోట్లు కప్పుకుని పడుకున్నాం, నీ కాళ్ళు ఐసు ముక్కలే తెక్లా అని తన పిక్కల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడు వెచ్చగా ఉందన్నది నేను. ఆయన కాదు.

చూస్తున్నాను, సరే, ఒప్పుకుంటున్నాను, చూస్తున్నాను. కిటికీ అద్దం నిండా చెమట, ధారలు కడుతోంది, దాని వెనక అంతా మసక. బల్ల కనబడుతోంది. రెండు తలలు. ఇందాక బల్లకి అటొకటి ఇటొకటి ఉన్నవి. ఇప్పుడు ఒకవైపే. ఆయన బూడిదరంగు స్వెట్టరు, మంచి స్వెట్టరు, నేను అల్లిన స్వెట్టరు. చెయ్యి బల్ల మీద చాపి దాని మీద తల పెట్టాడు. ఆవిడ తల ఆయన భుజం మీదకి వంగి ఉంది. ఆవిడ చెయ్యి ఆయన చేతి మీద. కిందనెక్కడో ఎర్రగా, నారింజరంగుగా వెలుగు, కొవ్వొత్తి పెట్టుకున్నట్టున్నారు. పండగ పూట. నా పండగ పూట. రోకలి చేతిలోంచి జారి గిన్నె అంచుకి తగిలింది. గసగసాలు గట్టంతా పడ్డాయి. పడనీ. వెళ్ళి తలుపు బాదనా? బాదితే ఏమంటారు, పిచ్చిముండ పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది మొగుడి కోసం అనుకుంటారు. వెళ్ళను. చచ్చినా వెళ్ళను. ఫోను చేస్తాను. మోగుతోంది, ఇక్కడికి కూడా సన్నగా వినబడుతోంది ఆ మోత. ఎత్తడం లేదు. తల కూడా ఎత్తడం లేదు. ఎవరిదో తెలుసు, అందుకే ఎత్తడం లేదు. మోగనీ. ఎనిమిది, తొమ్మిది. అంత హాయిగా ఉందా? పది. ఎత్తకపోతే పోయారు, కనీసం ఉలిక్కిపడాలి కదా మనిషన్నవాడు. దొంగలు ఉలిక్కిపడరా? పదకొండు.

కిటికీ అద్దాలకి చెమట పడుతోందా అమ్మా?

ఎవరిదీ గొంతు? నాదే. ఆ ఫోను దగ్గర నేను వాడే గొంతు, నెమ్మదిగా, తొందర లేకుండా, ఒక్కో ప్రశ్నా విడదీసి. ఫర్నేస్ ఆగిపోయి ఎంతసేపయింది? పొద్దుట్నుంచి. మరి ఇల్లు వెచ్చగా ఎలా ఉందమ్మా? బయట మైనస్ ముప్పై రెండు, ఫర్నేస్ లేదు, వంటింట్లో వెచ్చగా ఎలా ఉంది? ఆ వెలుగు కొవ్వొత్తి కాదు. కొవ్వొత్తిని నేల దగ్గర ఎవరు పెడతారు? ఓవెన్. ఆవిడ పాత గ్యాస్ పొయ్యి. ఓవెన్ వెలిగించి తలుపు బార్లా తీసి పెట్టారు. పొయ్యి వంటకే గానీ ఇల్లు కాచుకోవడానికి కాదు, ప్రతి చలికాలం ఎందరికి చెప్పానో, మొదటి అరగంట బాగానే ఉంటుంది, తర్వాత మూసిన గదిలో గాలి అయిపోతుంది, మంట నీలం పోయి పసుపుకి తిరుగుతుంది, ఇక అది వదిలే విషానికి రంగు ఉండదు, వాసన ఉండదు. ఎవరికైనా తల దిమ్ముగా ఉందా? ఉంది. నాకు ఫోను చేసి మరీ చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తలనొప్పి అంటే ఫోను పెట్టనిచ్చేదాన్ని కాదు, ఇప్పుడే లేచి బయటికి నడవండి అనేదాన్ని. నా మొగుడు చెబితే ఎత్తిపొడిచి పెట్టేశాను. నిద్రమత్తుగా ఉందా? ఇంట్లో అలారం ఉందా? ఉంది. వంటింటి సొరుగులో ఉంది. మూడు వారాల కిందట అన్నం దగ్గర చెప్పాడు, థోరా ఇంట్లో ఆ కార్బన్ మోనాక్సైడ్ అలారం కీచుకీచుమంటోందంటే నేనే ఊడదీసి సొరుగులో పడేశా, పాపం ఆవిడకి నిద్ర పట్టడం లేదట అని. అది కీచుమంటే కాలం తీరిందని అర్థం, వెంటనే కొత్తది పెట్టాలి. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే కొత్తది బిగించడానికి మళ్ళీ వెళ్తాడని మింగేశాను. ఉప్పు అందుకో అన్నాను.

అత్యవసర నంబరుకి ఫోను కలిపాను, నా గొంతే చెప్పింది, ఇద్దరు మనుషులు, స్పృహ లేదు, గ్యాస్ ఓవెన్, మూసిన ఇల్లు. అవతల అమ్మాయి "లోపలికి వెళ్ళకండి మేడమ్, వాళ్ళు వచ్చేదాకా బయటే ఉండండి" అంటోంది. సరిగ్గా అంటోంది, నేనూ అదే అనేదాన్ని, వెళ్ళినవాళ్ళు కూడా పడిపోతారు. ఫోను బల్ల మీద పెట్టేశాను. కోటు లేదు. ఇంట్లో చెప్పులతోనే సందులో నేనే కట్టిన మంచుగోడ మీదుగా, ఆయన తవ్విన గుంటలో పడి లేచి, ఆవిడ పెరటి తలుపు. తాళం లేదు. కింద తువ్వాలు కుక్కారు చలిగాలి రాకుండా, తోస్తే కదలదు. భుజంతో తోశాను. ఆయన బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి, ఆవిడ బూట్ల పక్కన, రెండు జతలూ ఒకే చాప మీద, అప్పుడు కూడా చూశాను, అప్పుడు కూడా గుండెలో చురుక్కుమంది. ఊపిరి నిండా పీల్చి బిగబట్టాను. తలుపు బార్లా. పొయ్యి కట్టేశాను, మంటలన్నీ పసుపు. మొహానికి వేడి కొట్టింది.

ఆవిడ కుర్చీ దారికి అడ్డం. ఆయన గోడ వైపు. ఆవిణ్ణి దాటుకుని వెళ్ళొచ్చు. ఎవరూ లేరు చూడ్డానికి, దాటడానికే కాలెత్తాను. దగ్గరున్నవాళ్ళని ముందు తీయండి, ఎంచుకుంటూ నిలబడితే ఇద్దరూ పోతారు, అదీ నేను చెప్పేదే. ఆయన చేతి మీద ఉన్న ఆవిడ చేతిని తీసి పక్కకి పెట్టాను, పెట్టేటప్పుడు ఉండవలసిన దానికన్నా కాస్త గట్టిగానే పట్టుకున్నాను. చంకల కింద చేతులేసి ఈడ్చాను. పిట్ట బరువు. మెట్ల కింద మంచులో కూర్చోబెట్టి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ లోపలికి. ఓరెస్ట్ కదలడు. రెండు వందల పౌన్ల మనిషి. చెంప మీద కొట్టాను, ఒకటి, రెండు, రెండోది మూడు నెలల కోపంతో. "ఓరెస్ట్, లే! ఆఖరి స్టాపు! దిగాలి!" అని అరిచాను. తాగి నిద్రపోయిన వాళ్ళని ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన లేపిన మాట. కళ్ళు తెరవకుండానే లేచి నిలబడ్డాడు. నా మీద వాలి నడిచాడు. తలుపు దాటాక ఇద్దరం కలిసి పడ్డాం.

సైరన్లు. దుప్పట్లు. థోరా కళ్ళు తెరిచింది, వాంతి చేసుకుంది, "తెక్లా" అంది, ఇంకేమీ అనలేకపోయింది. ఆవిణ్ణి ముందు అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు, బతుకుతుందన్నారు. ఓరెస్ట్ మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, రెండో అంబులెన్స్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, నేను పక్కన కూర్చున్నాను. ఫైరింజన్ అతను మీటరు పట్టుకుని సందంతా చూసి వచ్చాడు.

"ఆ పైపుల దగ్గర మంచు అంతలా ఎలా బిగిసిందమ్మా? ఎవరో కావాలని అదిమినట్టుంది."

నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. ఓరెస్ట్ మాస్కు పక్కకి జరిపాడు.

"గాలి" అన్నాడు. "ఆ సందులో గాలి సుళ్ళు తిరుగుతుంది బాబూ. తుపాను వస్తే అంతే."

అతను తల ఊపి రాసుకుని వెళ్ళిపోయాడు. తలుపులు వేశారు. బండి కదిలింది. నా చెప్పుల్లో మంచు కరిగి కాళ్ళు తడుస్తున్నాయి. ఆయన నన్ను చూస్తున్నాడు, మూడు నెలల్లో ఇంతసేపు చూడలేదు.

"నీకు తెలుసా?"

తల ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి నుంచీ. పార దెబ్బలు కనబడవా ఏం?"

నాకు ఏడుపొచ్చింది. ఆరుసార్లు నా పాడు పనిని ఎవరికంటా పడకుండా తవ్వి పారేసిన మనిషి. ఆవిడకి చెప్పలేదు, ఊళ్ళో చెప్పలేదు, నన్ను ఒక్కమాట అనలేదు. దేవుడా, ఈ మనిషినా నేను మూడు నెలలుగా కిటికీలోంచి కాపలా కాసింది? చెయ్యి పట్టుకున్నాను, ఐసు ముక్కలా ఉంది, నా రెండు చేతుల మధ్య పెట్టి రుద్దాను.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు ఓరెస్ట్? ఒక్కమాట అంటే సిగ్గుతో చచ్చి మానేసేదాన్ని కదా."

మాస్కు లోపల ఆయన పెదాలు కదిలాయి. వినబడలేదు. నేనే మాస్కు ఎత్తి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. ఆ మత్తులో ఆ మనిషికి అబద్ధం ఆడే ఓపిక లేదు.

"అందుకే" అన్నాడు. "చెబితే మానేస్తావుగా. ఇక ఆవిడ నన్నెందుకు పిలుస్తుంది?"

మాస్కు మళ్ళీ మూతికి పెట్టాను. పట్టీ చెవుల వెనక సరిచేసి బిగించాను. "మాట్లాడకు" అన్నాను, ఫోను దగ్గర వాడే గొంతుతో. "ఊపిరి పీల్చు."